చదవను మాత్రమే

మా ఇంట్లో పదమూడు మెట్లు.
కింద ఆయన కంప్యూటరు, బెల్లం మండీ లెక్కలది.
పైన నా ఎంబ్రాయిడరీ మిషను, పక్కన నా కంప్యూటరు.
నెట్టు ఉండేది కిందనే. ప్రింటరూ కిందనే.
రవికెల డిజైన్లన్నీ ఆడికొచ్చి దిగితే
పెన్‌డ్రైవులో ఎక్కించుకోని పైకి మోసేది నేను.
నల్లదారానికి కట్టి మెడలో వేసుకునేదాన్ని.
పుస్తెల పక్కన ఊగతా
నెమళ్లూ మామిడిపిందెలూ నాతో బాటు మెట్లెక్కేటివి.

మోకాలు మొరాయించినాక
గిరింపేట నించి మొగిలీశును పిలిపిస్తి.
పాలిటెక్నిక్ పిల్లోడు, చెవిసందున స్క్రూడ్రైవరు.
కొత్త రౌటరు కింద గోడకు కొట్టి
నీలం వైరును వంటింటి కిటికీలోంచి
కరివేపాకు కొమ్మల్ని రాసుకుంటా పైకి లాగినాడు.

"అక్కా, రెండింటికీ ఒకటే ఊరిపేరు పెట్టల్ల."
మిట్టూరు అని కొట్టు రా, అంటి.
"తలుపు నంబర్లు కూడా ఇయ్యల్ల.
అన్నకు చివర్న రెండు, నీకు చివర్న మూడు."
ఒకటి ఎవురికి?
"రౌటరుకు."
ఓహో, ఇంటికి పెద్ద అదన్నమాట.

నా కంప్యూటరు నించి కింద కంప్యూటరును పిలిచి చూసినాడు.
నాలుగు పిలుపులకు నాలుగు ఊలు,
ఒక్కోటి రెప్పపాటు కూడా పట్టలేదు.
ఇరవై రెండేండ్ల కాపురంలో
నాకెప్పుడూ రాని లెక్క అది.

అయినా అర తెరుచుకోలా.
దారి కనబడలేదు, అంటాది తెర.
"మంటగోడ అడ్డముందక్కా."
తీసెయ్ రా, అంటే
"అమ్మో, మొత్తం తియ్యకూడదు,
చిన్న కంత పెట్టుకోవల్ల" అన్నాడు.

"ఎవురెవురికి చూపించేది?"
జాబితాలో 'అందరూ' అని ఉండాది.
అందరూ అంటే ఎవుర్రా?
"ఈ ఇంట్లో వాళ్లు."
ఉండేది ఇద్దరమే గదా.
"చదవను మాత్రమేనా, మార్చను గూడానా?"
నీకు తెలిసినట్టు చెయ్, అన్నా.
మూడు వందలు జోబులో వేసుకోని
గుప్పెడు బొరుగులు నమలతా
బస్సుకు టైమైందని పరిగెత్తినాడు.

మాపిటేల
రెండో నంబరు తలుపు తట్టినా.
ఒక్క అర తెరవమంటే
పిల్లోడు తొందరలో ఇల్లంతా తెరిచేసి పోయినాడు.
బెల్లం పద్దులు, లారీ బాడుగలు, కాణిపాకం ఫొటోలు.
వాటి అడుగున 'చేబదులు' అని ఒకటి.

తెరవకుండా ఉండాల్సింది.

పూతలపట్టు దొరసామి, ఎనభై వేలు.
తవణంపల్లె గంగులప్ప, యాభై.
బంగారుపాళెం మిల్లు గుమాస్తా, పదిహేడున్నర.
తేదీలు చూస్తి.
నా మిషను ఆటోలోంచి దిగిన నెల.
మండీలో ఎప్పటిదో పాత బాకీ వసూలైందే కస్తూరీ అని
ఆ పొద్దు మైసూరుపాకు తెచ్చి నోట్లో పెట్టినాడు.

మిషను నడస్తానే ఉండాది.
ఎవురి పెండ్లిరవికె మీదో హంస,
మెడ అయింది, రెక్క కాలేదు.
దారం తెగినా చూసుకోలా.

నాకూ ఒకటుంది.
లైనింగు గుడ్డల పెట్టెలో చీటీ పుస్తకం.
నెలకు రెండు వేలు, మూడేండ్లది,
హేమాద్రి చెవిన పడనీకుండా కట్టుకుంటా వస్తి.
కూర్చోని నెలనెలా టైపు కొట్టినా.
రవికెల అరలో పెట్టి
చదవను మాత్రమే, అని టిక్కు పెడితి.
మార్చే హక్కు ఇయ్యలా. ఇంకా ఇయ్యలా.

రాత్రి కింద మౌసు చప్పుడు.
రౌటరు పచ్చదీపం గబగబా కొట్టుకోని
ఉన్నట్టుండి నిదానించింది.
ఆయన పైకొచ్చి
పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు, అంతే.

తెల్లారి చూస్తే చేబదులు పుటలో
గుమాస్తా కింద కొత్త వరస.
కస్తూరి, అని.
అంకె ఉండాల్సిన గడి ఖాళీ.

ఆ పుటను నేను మార్చొచ్చు.
మొగిలీశు తెలీక ఇచ్చిపోయిన హక్కు అది.
కర్సరు ఆ గడిలో పెట్టి
అది ఆరతా వెలగతా ఉంటే
చూస్తా కూర్చున్నా.